అనుమానమే లేని అప్పు: మంజూరు పత్రం మోసాన్ని పోల్చుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర బట్టలు కుట్టే షాపు నడిపే ఒకావిడ ఆ మధ్య ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వాట్సాప్‌లో ఆవిడకు ఒక ఉత్తరం అందింది. పైన మూడు సింహాల గుర్తు, దాని పక్కన ప్రధానమంత్రి ముద్ర యోజన పేరు, మధ్యలో ఇంటిపేరుతో సహా ఆవిడ పూర్తి పేరు, ఆధార్ నంబరు, 10,00,000 రూపాయల రుణం మంజూరైందని లావుపాటి అక్షరాల్లో ఒక వాక్యం, కింద గుండ్రటి నీలం సీలు, దాని మీదుగా ఒక సంతకం ఉన్నాయి. వడ్డీ ఏడాదికి 4 శాతం, గడువు ఐదేళ్లు. చివర చిన్న అక్షరాల్లో, ఆ సాయంత్రం ఆరు గంటల లోపు వెరిఫికేషన్ ఛార్జీ కింద 4,500 రూపాయలు చెల్లించకపోతే మంజూరు రద్దవుతుందని రాసి ఉంది. "కట్టమంటారా అన్నయ్యగారూ?" అని అడిగారు.

ఏ బ్యాంకులో దరఖాస్తు పెట్టుకున్నారమ్మా అని అడిగితే, ఎక్కడా పెట్టలేదన్నారు. ఫేస్‌బుక్‌లో కనిపించిన ప్రకటన మీద నొక్కి పేరు, ఫోను నంబరు ఇచ్చారట. తర్వాత ఫోను చేసిన అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడి ఆధార్, పాన్, పాసుపుస్తకం మొదటి పేజీ ఫొటోలు పంపమన్నాడట. షాపు చూడటానికి ఎవరైనా వచ్చారా అని అడిగాను. రాలేదు. నెలకు ఎంత మిగులుతుందని అడిగారా? అడగలేదు. ఇదివరకటి అప్పులేమైనా ఉన్నాయా అన్నది? అదీ అడగలేదు. రెండు కుట్టుమిషన్లున్న షాపుకి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పది లక్షలు ఇస్తామన్నారు.

రుణ మంజూరు మోసాల గుట్టంతా ఆ వేయని ప్రశ్నల్లోనే ఉంది. అప్పిచ్చేవాడికి ఉండే మొదటి భయం ఇచ్చిన డబ్బు తిరిగి రాదేమోనన్నది. బ్యాంకు జీతం స్లిప్పు, ఆరు నెలల స్టేట్‌మెంటు అడగడం, చీటీ పాడుకున్నవారిని చిట్‌ఫండ్ కంపెనీ ష్యూరిటీలు తెమ్మనడం, తాకట్టు కొట్టులో గాజుని గీటురాయి మీద రుద్ది చూడటం, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి రైతుకి పెట్టుబడి ఇచ్చేముందు ఎన్ని ఎకరాలు వేశావు, సరుకు ఎవరి కొట్టుకి తెస్తావు అని ఆరా తీయడం, ఇవన్నీ ఆ ఒక్క భయానికే వేర్వేరు రూపాలు. ఈ ఆరాలు మనకు చిరాకు తెప్పిస్తాయి, కొన్నిసార్లు అవమానంగా కూడా అనిపిస్తాయి. కానీ మనని గురించి ఏ అనుమానమూ లేకుండా లక్షలు ఇస్తానన్న మనిషికి ఆ భయం ఎందుకు లేదో ఆలోచిస్తే, ఈ వ్యవహారంలో పోయేది అతని డబ్బు కాదని తేలుతుంది.

ఉత్తరంలో ఉన్న ఒక్కొక్క మాటనీ విడదీసి చూడటం అవసరం, ఎందుకంటే అందులో పూర్తి అబద్ధాలు తక్కువ, సగం నిజాలు ఎక్కువ. ముద్ర పథకం నిజమైనదే. 2015 ఏప్రిల్ 8న మొదలైంది. 50,000 రూపాయల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అని మూడు అంచెలుగా, తనఖా లేకుండా చిన్న వ్యాపారులకు రుణాలు ఇస్తారు. తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే అంచెను 2024లో చేర్చారు. అయితే ముద్ర అనే సంస్థ స్వయంగా ఎవరికీ నేరుగా అప్పివ్వదు. అప్పిచ్చేది బ్యాంకు, సూక్ష్మరుణ సంస్థ, లేదా బ్యాంకేతర ఆర్థిక సంస్థ. ముద్ర వాటికి రీఫైనాన్స్ మాత్రమే చేస్తుంది, అంటే అవి ఇచ్చే అప్పులకు వెనక నుంచి నిధులు సమకూరుస్తుంది. కాబట్టి ఏ బ్యాంకు ఏ శాఖ ఇస్తోందన్నది లేకుండా ముద్ర పేరుతో వచ్చిన మంజూరు ఉత్తరం, సీలు ఎంత చక్కగా ఉన్నా, ఉండటానికి వీల్లేని ఉత్తరం. ఇలాంటివి నకిలీవని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం వారి నిజ నిర్ధారణ విభాగం ఒకటికి నాలుగుసార్లు ప్రకటించింది.

4 శాతం అన్న అంకె కూడా ఊరికే వేసింది కాదు. మన జిల్లాల్లో ఆ అంకె అందరికీ చెవినపడ్డదే. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు తీసుకున్న పంట రుణానికి 7 శాతం వడ్డీ, సకాలంలో తిరిగి కడితే 3 శాతం రాయితీ పోను చివరకు 4 శాతమే పడుతుందని రైతు కుటుంబాలన్నిటికీ తెలుసు. ముద్ర రుణానికి అలాంటి ఒకే రేటు లేదు, ఏ బ్యాంకు రేటు ఆ బ్యాంకు నిర్ణయించుకుంటుంది. తెలిసిన అంకెను తెలియని చోట అతికించి నమ్మకం పుట్టించడం ఇక్కడ జరిగిన పని.

ముందు ఫీజు అడిగితే మోసమేనా

చాలామంది చెప్పే సూత్రం ఒకటుంది: నిజమైన బ్యాంకు ముందుగా పైసా అడగదు అని. ఇది మంచి ఉద్దేశంతో చెప్పిన మాటే గానీ పూర్తిగా నిజం కాదు, పూర్తిగా నిజం కానందువల్లే ప్రమాదకరం. ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టినవారికి తెలుసు, చాలా సంస్థలు దరఖాస్తు దశలోనే కొంత ఫీజు తీసుకుంటాయి, లీగల్ ఒపీనియన్‌కి, ఇంటి విలువ కట్టించడానికి అయ్యే ఖర్చు కూడా ముందే కట్టించుకునే వారున్నారు. అది తెలిసిన మనిషి మోసగాడు ఫీజు అడిగినప్పుడు, మా బావమరిది ఇంటి లోనుకి కూడా ఇలాగే కట్టించుకున్నారు కదా అని సమాధానపడతాడు. అందుకని చూడాల్సింది ముందా వెనకా అన్నది కాదు, ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది, దానికి ముందుగా రాతపూర్వకమైన లెక్క ఉందా అన్న రెండు సంగతులు.

మొదటిది తేలిక. నిజమైన సంస్థకు కట్టే ఫీజు ఆ సంస్థ పేరున్న ఖాతాలోకి వెళ్తుంది, రసీదు వస్తుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెర మీద ఒక వ్యక్తి పేరో, సంబంధం లేని ఒక కిరాణా కొట్టు పేరో కనిపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు. మా అకౌంట్స్ మేనేజర్ వ్యక్తిగత ఖాతా అండీ, సర్వర్ సమస్య ఉంది అని ఎంత నచ్చజెప్పినా ఏ బ్యాంకూ తన ఫీజును ఉద్యోగి ఫోన్‌పేలో వేయించుకోదు.

రెండోదాని గురించి తెలిసినవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 2024 ఏప్రిల్ 15న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, 2024 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఇచ్చే ప్రతి కొత్త టర్మ్ రుణానికీ (నిర్ణీత గడువులో తీర్చే రుణం) ఒప్పందం కంటే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇచ్చి తీరాలి. రుణం అసలు, వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా, ఇతర ఛార్జీలు అన్నీ అందులో ఉండాలి. అన్నీ కలుపుకుని ఏడాదికి మొత్తంగా ఎంత శాతం భారం పడుతుందో ఒకే అంకెగా చెప్పాలి. ఆ పత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే మనం తెలుగులో ఇమ్మని అడగవచ్చు. అందులో రాయని ఏ ఫీజునీ రుణగ్రహీత ఒప్పుకోకుండా ఆ తర్వాత వసూలు చేయకూడదు. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న రుణానికి ఆ పత్రం కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి, ఆలోచించుకోవడానికి మనకు ఆ వ్యవధి ఇవ్వాలని దాని అర్థం. షాపు ఆవిడకు వచ్చిన ఉత్తరం సాయంత్రం ఆరింటి దాకానే వ్యవధి ఇచ్చింది.

ఒక ఫీజు వెనక ఇంకో ఫీజు

మోసం మొదటి చెల్లింపుతో ఆగి ఉంటే నష్టం నాలుగైదు వేలతో పోయేది. అసలు దెబ్బ ఆ తర్వాత పడుతుంది, అది ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేసే ఒకతను కూతురి ఇంజనీరింగ్ ఫీజు కోసం 5 లక్షల వ్యక్తిగత రుణానికి ఒక ప్రకటన చూసి ఫోను చేశాడనుకుందాం. మొదట ప్రాసెసింగ్ ఫీజు 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 450, మొత్తం 2,950 కట్టమంటారు. ఈ లెక్క సరైనదే, ఫీజుల మీద జీఎస్టీ నిజంగానే 18 శాతం, అందుకే అతనికి నమ్మకం కుదురుతుంది. మర్నాడు రుణానికి బీమా తప్పనిసరి అని 8,500 అడుగుతారు, ఇది మొదటి కిస్తీతో సర్దుబాటవుతుందంటారు. ఆ తర్వాత టీడీఎస్, అంటే ఆదాయం చేతికి రాకముందే కోసే పన్ను, అంటూ 12,400 అడుగుతారు. అప్పు ఆదాయం కాదు, అప్పుగా వచ్చే అసలు మీద టీడీఎస్ అన్నదే ఉండదు, కానీ ఆ మాట తెలిసిన మనిషి ఆ సమయానికి పక్కన ఉండాలి కదా. నాలుగోసారి రిజర్వ్ బ్యాంకు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కోసం 18,000 అంటారు. రిజర్వ్ బ్యాంకు వ్యక్తులకు అప్పులివ్వదు, ఒక వెల్డర్ రుణానికి అనుమతి పత్రాలూ జారీ చేయదు.

ఇంత కట్టాక కూడా డబ్బు రాకపోయేసరికి అతను నిలదీస్తాడు. అప్పుడు వాళ్ల చేతిలో ఉన్న చివరి ఎత్తు బయటికి వస్తుంది. మీ ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది, అందువల్ల 5 లక్షలు మధ్యలో నిలిచిపోయాయి, తప్పు మీది, సరిచేయడానికి 25,000 డిపాజిట్ కట్టాలి, కట్టకపోతే పోలీసు కేసు అవుతుంది అంటారు. తెర మీద చూస్తే నిజంగానే ఒక అంకె తప్పుగా ఉంటుంది, ఆ అంకె మార్చింది వాళ్లే. అప్పటిదాకా ఆశతో కట్టిన మనిషి ఇకమీదట భయంతో కడతాడు. అంతా కలిపితే 66,850 రూపాయలు.

చదువుకున్నవారు కూడా ఇందులో ఎందుకు పడిపోతారని ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండో చెల్లింపు దగ్గర అతను లెక్క వేసుకునేది 8,500 కట్టాలా వద్దా అని కాదు, ఇప్పటికే కట్టిన 2,950 వదులుకోవాలా అని. నాలుగోసారి వచ్చేసరికి వదులుకోవాల్సింది 23,850 అవుతుంది. పైగా ఈ చెల్లింపుల కోసం అతను భార్య ఉంగరం కుదువపెట్టి ఉంటాడు, ఇంట్లో చెప్పి ఉండడు. ఈ రెండో సంగతే మోసగాళ్లకు అన్నిటికన్నా బలం. మేం చెప్పేదాకా ఎవరికీ చెప్పొద్దు, బయటకు తెలిస్తే ఫైలు ఆగిపోతుంది అని వాళ్లు పదేపదే అనడం ఇందుకే. ఏ బ్యాంకు అధికారీ రుణం సంగతి భార్యకు చెప్పవద్దనడు, సరికదా కొన్ని రుణాలకు ఆవిడ సంతకం కూడా కావాలంటాడు.

మన వడ్డీ లెక్క, వాళ్ల వడ్డీ లెక్క

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వడ్డీని ఏడాదికి శాతాల్లో ఎవరూ చెప్పుకోరు. నూటికి నెలకు రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు అనే లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, పావలా వడ్డీ అంటే 3 శాతం. ప్రకటనలో 2 శాతం వడ్డీ అని ఉంటే ఒకరు దాన్ని బ్యాంకు కంటే చవకగా, ఇంకొకరు మామూలు రెండు రూపాయల వడ్డీగా అర్థం చేసుకుంటారు, ఇద్దరూ సంతోషిస్తారు. ఏడాదికి 2 శాతమే అని ఎవరైనా స్పష్టంగా చెబితే మాత్రం ఒకటి గుర్తు చేసుకోవాలి: బ్యాంకులే ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద మనకు అంతకంటే ఎక్కువ ఇస్తున్నాయి. డిపాజిట్‌కి ఇచ్చే వడ్డీ కంటే తక్కువకు అప్పిచ్చి బతికే వ్యాపారం లోకంలో లేదు.

దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండేది ఇన్‌స్టంట్ రుణాల యాప్‌ల లెక్క. అందులో డబ్బు నిజంగానే వస్తుంది. 5,000 మంజూరు చేసి, ఫీజు పట్టుకుని 3,000 చేతికిచ్చి, ఏడో రోజుకి 5,000 కట్టమంటారనుకుందాం. వారానికి మూడు వేల మీద రెండు వేలు, అంటే నూటికి అరవై ఆరు రూపాయల పైచిలుకు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్ మనీ (ఫోను చేస్తే చాలు, భారీ వడ్డీకి అప్పిచ్చే దందా) వ్యవహారంలో జనాన్ని పీడించిన వడ్డీలను చూసి మనం నిర్ఘాంతపోయాం, ఈ యాప్‌ల వడ్డీ అంతకు మించినది. కాల్ మనీ వాడు ఇంటి ముందు నిలబడితే, వీళ్లు ఫోనులోని పరిచయస్తులందరి ముందూ నిలబెడతారు. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులకు, గ్యాలరీకి ఇచ్చిన అనుమతితో బంధువుల నంబర్లు, ఫొటోలు తీసుకుని, ఫొటోలు మార్చి పంపి పరువు తీస్తారు. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు మన రాష్ట్రంలోనూ ఉన్నారు.

రిజర్వ్ బ్యాంకు వేసిన కమిటీ 2021 నవంబరులో ఇచ్చిన నివేదికలో, ఆ ఏడాది మొదటి రెండు నెలల్లో దేశంలో అందుబాటులో ఉన్న దాదాపు 1,100 రుణ యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేల్చింది. ఆ తర్వాత 2022 సెప్టెంబరులోనూ, 2025 మేలోనూ వచ్చిన నిబంధనల ప్రకారం సక్రమమైన రుణ యాప్ మన కాంటాక్టులను, కాల్ జాబితాను, ఫొటోలను చూడకూడదు. రుణం డబ్బు, కొన్ని మినహాయింపులు తప్ప, మధ్యవర్తి ఖాతా ద్వారా కాకుండా సంస్థ నుంచి నేరుగా మన ఖాతాలో పడాలి, తిరిగి కట్టేదీ నేరుగా ఆ సంస్థకే కట్టాలి. వద్దనుకుంటే నిర్ణీత వ్యవధిలో, అసలుతో పాటు ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టి, జరిమానా లేకుండా బయటపడే హక్కు ఉండాలి. నియంత్రణలో ఉన్న సంస్థలు వాడే యాప్‌ల జాబితాను రిజర్వ్ బ్యాంకు తన వెబ్‌సైటులో 2025 జులై నుంచి ఉంచుతోంది. ప్లేస్టోర్‌లో ఉందా అన్నది కాకుండా ఆ జాబితాలో ఉందా అన్నది చూసుకోవాలి. ఏపీకే ఫైలు, అంటే ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోనులో వేసుకునే యాప్ ఫైలు, పంపి దించుకోమంటే ఆ మాట అక్కడే ఆపేయాలి.

నిజమైన పేరుతో వచ్చే అబద్ధం

అయితే జాబితాలో పేరు చూసుకుంటే చాలదు. మోసగాళ్లు ఊహాజనితమైన కంపెనీ పేర్లు వాడటం తగ్గించి, నిజంగా రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థల పేర్లు, లోగోలు, ఆఖరికి అక్కడ పనిచేసే ఉద్యోగుల గుర్తింపు కార్డుల నమూనాలు కూడా వాడుతున్నారు. పేరు సరిపోతుంది, ఫోను నంబరు సరిపోదు. కాబట్టి ఉత్తరం మీద ఉన్న నంబరుకి ఫోను చేసి ఇది నిజమేనా అని అడగడం వల్ల ప్రయోజనం లేదు, దొంగనే సాక్షిగా పిలిచినట్టవుతుంది. విజయవాడ, గుంటూరు వాళ్లకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, అరండల్‌పేట, లక్ష్మీపురం చుట్టుపక్కల దాదాపు ప్రతి బ్యాంకుకీ, పేరున్న ప్రతి ఫైనాన్స్ కంపెనీకీ ఒక శాఖ ఉంది. ఉత్తరం పట్టుకుని ఆ మెట్లెక్కి కౌంటరులో చూపిస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. ముంబయి హెడ్ ఆఫీసు నుంచి నేరుగా మంజూరైంది, లోకల్ బ్రాంచికి తెలియదు అని వాళ్లు ముందుగానే చెప్పి ఉంచుతారు, ఆ మాట విన్నప్పుడే బ్రాంచికి వెళ్లాలని నిర్ణయించుకోవచ్చు. వెబ్‌సైటు చూసేవారు చిరునామా చివరను గమనించాలి. మన బ్యాంకులు 2025 అక్టోబరు ఆఖరుకల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది, ఆ చివర బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

సిబిల్ (మన పాత అప్పుల చెల్లింపులను బట్టి వేసే స్కోరు) చూడం అన్న ప్రకటనకు పడిపోయేవారి గురించి నాకు బెంగ ఎక్కువ, ఎందుకంటే వాళ్లు ఇప్పటికే నాలుగుచోట్ల లేదనిపించుకుని వచ్చినవారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన తర్వాత సింగ్‌నగర్ వైపు ఆటో, ఫ్రిజ్, సరుకు అన్నీ పోగొట్టుకున్న కుటుంబాలు, భూమి తమ పేరున లేని కౌలు రైతులు, జీతం చేతికి నగదుగా తీసుకునే గుమస్తాలు ఇందులో ఉంటారు. వారికి ఒక విషయం తెలియాలి. స్కోరు తక్కువగా ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు. ఇదివరకు ఎక్కడా అప్పు తీసుకోని మనిషికి రుణచరిత్ర లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు సూచించింది. అలాగే దేశంలో ఉన్న నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. డబ్బు తీసుకుని సిబిల్ పెంచుతామనేవారు అబద్ధం చెబుతున్నట్టే, నివేదికలో తప్పుంటే సరిచేయించుకోవడానికి ఫిర్యాదు చేస్తే చాలు, రుసుము లేదు.

డబ్బు వెళ్లిపోయాక

1930కి వెంటనే ఫోను చేయాలి. ఇది జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. పోయిన డబ్బు ఒకచోట ఉండదు, అద్దెకు తీసుకున్న ఖాతాల మీదుగా ఒకదాన్నుంచి మరొకదానికి మారుతూ చివరకు నగదుగా బయటికి పోతుంది. దారిలో ఎక్కడో ఒకచోట ఉండగానే ఆపగలిగితే దక్కుతుంది, అందుకే మర్నాడు చూద్దాం అనుకోకూడదు. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, ఎదుటి ఖాతా వివరాలు దగ్గర పెట్టుకుని చెప్పాలి. కోపంతోనో సిగ్గుతోనో వాట్సాప్ సంభాషణ చెరిపేయకూడదు. ఒక చేదు నిజం కూడా చెప్పాలి: మన ప్రమేయం లేకుండా ఖాతా నుంచి డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకు భరించాలన్న 2017 నాటి నిబంధన మన చేతులతో పిన్ కొట్టి పంపిన డబ్బుకు సాధారణంగా వర్తించదు. కొన్నాళ్లకు మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి అని ఇంకొకరు ఫోను చేస్తారు. వాళ్ల దగ్గరున్నది మొదటివాళ్లు ఇచ్చిన, మోసపోయినవారి జాబితాయే.

పైసా పోకపోయినా పత్రాలు పోయి ఉంటే పని అయిపోలేదు. ఆధార్, పాన్ నకళ్లతో మన పేరు మీద రుణాలు తీసుకునే ప్రయత్నం జరగవచ్చు. రుణం జమ చేయడానికి అంటూ ఏటీఎం కార్డు, ఖాతాకు లింకైన సిమ్ కూడా పంపించి ఉంటే, వేరేవాళ్ల దగ్గర దోచిన డబ్బు మన ఖాతా గుండా నడుస్తుంది, కొన్నాళ్లకు ఏ రాష్ట్రం పోలీసుల నుంచో నోటీసు వస్తుంది, ఖాతా స్తంభిస్తుంది. అప్పు కోసం వెళ్లిన మనిషి నిందితుల వరుసలో నిలబడాల్సి వస్తుంది.

ఆ షాపు ఆవిడ ఆ సాయంత్రం 4,500 కట్టలేదు. ఇద్దరం కూర్చుని ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేశాం, బ్యాంకుకు పత్రాల సంగతి రాసిచ్చాం, క్రెడిట్ నివేదిక తెప్పించాం. అందులో ఆవిడకు తెలియని అప్పులేమీ లేవు. తర్వాతి వారం ఆవిడ ఖాతా ఉన్న శాఖలోనే ముద్ర రుణానికి దరఖాస్తు పెట్టారు, లక్షన్నరకు. షాపు అద్దె ఒప్పందం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), కొత్త మిషన్‌కి కొటేషను అడిగారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. పది రోజులకు ఫీల్డ్ ఆఫీసరు షాపుకు వచ్చి, రోజుకు ఎన్ని జాకెట్లు కుడతారు, శ్రావణమాసంలో ఎన్ని, ఆషాఢంలో ఎన్ని, అద్దె ఎంత, మగ్గం వర్కు బయట ఎవరికి ఇస్తారు, కిస్తీ ఏ తేదీకి కట్టగలరు అని ముప్పావు గంట అడిగి, రెండు మిషన్లకూ ఫొటోలు తీసుకుని వెళ్లారు.